బల్లమీద పెనుకొండ కోట

చరిత్రలో జరిగిన యుద్ధములను చిన్న చిన్న బొమ్మలతో బల్లమీద మరల నడిపించు ఆట యొకటి కలదు. ఇంగ్లీషువారు దీనిని వార్‌గేమ్ అందురు. మనము యుద్ధక్రీడ యని పిలుచుకొందము. ఒక బల్ల, దానిపై గుట్టలు, వాగులు, ఇండ్లు, ఇరుపక్షముల సైనికుల బొమ్మలు, కదలికను కొలుచుటకు ఒక పట్టీ, అదృష్టమునకు పాచిక, తగవు తీర్చుటకు నియమముల పుస్తకము. సామగ్రి ఇంతియే. దీనిని క్రొత్తగా మొదలుపెట్టు వారికి రెండు ప్రశ్నలు ఎదురగును. ఏ యుద్ధము నెన్నుకొనవలెను? ఏ కొలత బొమ్మలు కొనవలెను? హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల శ్రోతలను, అందును విద్యార్థులను మనసులో నుంచుకొని ఈ రెండింటిని గూర్చి చెప్పదలచినాను.

యుద్ధమును ఆటగా ఆడుట మనకు క్రొత్త గాదు. చదరంగములో ఏనుగు, గుఱ్ఱము, రథము, కాల్బలము నాలుగును కలవు. మూడు పులులతో పదునైదు మేకలు తలపడు పులిజూదమును పల్లెలలో రచ్చబండమీద బొగ్గుతో గీసుకొని నేటికిని ఆడువారున్నారు. కాని చదరంగపు పలకమీద కొండ లేదు, దాహము లేదు, వాన లేదు. బంటు ఆకలిచే వెనుదిరుగడు. ఈ కొరతను తీర్చవలెననియే ప్రష్యా దేశమున రైస్‌విట్జ్ అను తండ్రికొడుకులు పూనుకొన్నారు. కుమారుడు 1824లో సిద్ధపరచిన క్రీడ, నిజమైన దేశపటముపై, ఎనిమిదివేలలో ఒక వంతు కొలతతో, సైనికాధికారుల శిక్షణ కొఱకు ఏర్పడినది. దానిని ఇంటిలోనికి, సామాన్యుని విశ్రాంతి వేళలోనికి తెచ్చినవాడు హెచ్. జి. వెల్స్. ఆయన 1913లో ప్రకటించిన ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకములో సీసపు సైనికులపై కొయ్యగుండ్లు విసరు బొమ్మ ఫిరంగులే పాచికల పనిని చేయును. నేలమీద మోకరిల్లి ఆడవలసిన ఆట అది. నడుము నొప్పి గలవారికి నేను సిఫారసు చేయను.

ఇక కొలత సంగతి. ధర్మవరములో పట్టుచీర అంచున హంసనో మామిడిపిందెనో నేయవలెనన్న, మొదట గళ్ల కాగితముపై దానిని గీయుదురు. ఇన్ని గళ్లకు ఇన్ని పోగులని లెక్క. గడి మారిన హంస మారదు గాని, అంచు వెడల్పు మారును, పట్టు ఖర్చు మారును. బొమ్మల కొలతయు అట్టిదే. ఈ క్రీడలో కొలతను రెండు విధముల చెప్పుదురు. డెబ్బదిరెండింట ఒక వంతు, నూరింట ఒక వంతు అని భిన్నముగా చెప్పుట ఒకటి. బొమ్మ యెత్తును మిల్లీమీటర్లలో చెప్పుట రెండవది. డెబ్బదిరెండవ వంతు బొమ్మ సుమారు 24 మిల్లీమీటర్లు ఉండును. బజారులో 28 అని చెప్పు బొమ్మ దానికంటె లావుగా, తలయు చేతులును కొంచెము పెద్దవిగా ఉండును. 15 అన్నది దాదాపు నూరవ వంతు. 6 అన్నది మూడువందలవ వంతు. గోధుమగింజ యంత మనిషి. ఒక హెచ్చరిక. మిల్లీమీటర్ల లెక్కను కొందరు తయారీదారులు పాదము నుండి కంటి వఱకును, కొందరు నడినెత్తి వఱకును వేయుదురు. కనుక ఇద్దరి 28లు ప్రక్కప్రక్కన నిలుచున్నప్పుడు అన్నదమ్ములవలె గాక తండ్రికొడుకులవలె కనిపించును. మొదటి సేన నంతను ఒకే తయారీదారుని వద్ద కొనుట క్షేమము.

చాలమంది చేయు పొరపాటు ఏమనగా, అంగడిలోనో పటములోనో కనబడిన అందమైన బొమ్మను ముందు కొని, దానితో ఏమి ఆడవలెనో తరువాత ఆలోచింతురు. 28 కొలతలో వాటర్‌లూ యుద్ధపు సేన నొకదానిని కొని, పదిమందికి రంగు వేసి, తక్కినవారిని పెట్టెలోనే సమాధి చేసిన యువకులు ఏ దేశమందైనను కనబడుదురు. ముందు ప్రశ్న నెన్నుకొనవలెను, బొమ్మ తరువాత. ఈ యుద్ధములో నాకు ఏ సంగతి తెలియవలెను? సేనాపతి చిక్కా, సిపాయి చిక్కా? మన ప్రాంతమువారికి ఆ ప్రశ్న కొఱకు వాటర్‌లూ వఱకు పోనక్కఱ లేదు. పెనుకొండ రైల్వేస్టేషనులో దిగి తల యెత్తి చూచిన చాలును.

1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము విజయనగరము పాడుపడగా, అరవీటి వంశపు రాజులు పెనుకొండను రాజధానిగా చేసికొన్నారు. రెండవ వేంకటపతిరాయల కాలమున, 1589 ప్రాంతమున, గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా ఈ కోటను ముట్టడించినాడు. రెండేండ్ల తరువాత హైదరాబాదు నగరమును నిర్మించినవాడు ఈయనయే. ఫిరిష్తా చరిత్రను 1829లో ఇంగ్లీషున ప్రకటించిన బ్రిగ్స్ దొర, దానికి అనుబంధముగా ఒక గోలకొండ చరిత్రను చేర్చినాడు. ఈ ముట్టడి కథ అందులో కలదు. రాయలు సంధి కోరినాడు. సుల్తాను సమ్మతించి సేనను కొంత వెనుకకు తీసినాడు. ఆ సందున మూడు దినములలో కోటలోనికి తిండిగింజలు చేరినవి. నాలుగవ నాడు జగదేవరాయడు మొదలగు నాయకులు ముప్పదివేల తుపాకిదారులతో కోట ప్రవేశించిరి. సుల్తాను మరల ముట్టడించినాడు గాని కోట లొంగలేదు. వర్షకాలము సమీపించినది. కృష్ణ పొంగినచో తన సేనకును రాజధానికిని నడుమ దారి తెగిపోవునని తలచి ఆయన ముట్టడి నెత్తివేసినాడు.

ఈ కథలో కోటను కాపాడినవి కత్తులు మాత్రమే కావు. మూడు దినముల గడువు, ధాన్యపు మూటలు, ఎక్కడో నూరు క్రోసుల ఆవల కురియబోవు వాన. ఇట్టి సంగతి పాఠ్యపుస్తకములో ఒక్క వాక్యమై పోవును. బల్లమీద నైతే అది ఆటగాని గుండెలో గుబులుగా మారును. సుల్తాను పక్షమున కూర్చుండినవాడు ఇంకొక వారము ఆగుదునా, ఇప్పుడే పోదునా అని తేల్చుకొనవలసి వచ్చినప్పుడు, ఆ వెనుకంజ పిరికితనము కాదని అతనికి ఎవ్వరును చెప్పనక్కఱ లేదు.

కాని ముట్టడి నంతను బల్లమీదికి ఎక్కించుట సాధ్యమా? లెక్క వేయుదము. ముప్పదివేలు అన్న సంఖ్యను అట్లే నమ్మవలెనని నేననను. చరిత్రకారులు గెలువలేకపోయిన తమ రాజు నెదిరించిన సేనను పెద్దదిగా చెప్పుట కలదు. అయినను నమ్మితి మనుకొని, ఒక బొమ్మ ఇరువదిమందికి గుర్తన్నచో, తుపాకిదారులకే 1,500 బొమ్మలు కావలెను. దినమునకు ఒకదానికి రంగు వేసినను నాలుగేండ్లు దాటును. కొండ సంగతి చూడుడు. ఎత్తు 300 మీటర్లు అనుకొన్నచో డెబ్బదిరెండవ వంతున అది నాలుగు మీటర్లు దాటి, ఇంటికప్పును చీల్చుకొని పోవును. మూడువందలవ వంతున ఒక మీటరు. తుపాకి గుండు నూరు మీటర్లు పోవుననుకొన్నచో, డెబ్బదిరెండవ వంతు బల్లమీద అది దాదాపు నాలుగున్నర అడుగులు. ఆరడుగుల బల్లపై ముప్పాతిక భాగము. అందుచేత ఈ క్రీడలో మనిషి కొలత వేరు, నేల కొలత వేరు. బొమ్మ పెద్దదైనను నేలను కుదించి లెక్కింతురు. ఈ రెంటికిని గల తేడాను గ్రహింపనివారే ‘ఇది నిజము వలె లేదు’ అని మొదటివారమే ఆట మానుదురు.

పెద్ద సేనల ఆట కావలెననువారికి ఫిల్ బార్కర్ ప్రభృతులు 1990లో ప్రకటించిన ‘డి.బి.ఏ.’ అను నియమావళి చక్కని దారి చూపినది. సేన యెంతదైనను పండ్రెండు దళములే. 15 కొలత బొమ్మలతో సుమారు రెండడుగుల చదరపు పలకమీద, గంటలో ముగియును. అయితే అది క్రీస్తుశకము 1500తో ఆగిన నియమావళి; ముప్పదివేల తుపాకులు దానిలో పట్టవు. పెనుకొండకు దానిని తిన్నగా వాడరాదు. దళములు, పాచికల పద్ధతిని మాత్రము అరువు తెచ్చుకొనవచ్చును.

క్రొత్తవారికి నా అభిప్రాయము వేరు. కోటను వదలి ఒక్క వాకిలిని తీసికొనుడు. నాలుగవ నాటి తెల్లవాఱుజాము. జగదేవరాయని ముందుదళమున ఇరువది నలుగురు, కొన్ని పెరిక యెద్దులు. వాకిలికి చేరకుండ అడ్డగింప గోలకొండ కావలిదళము మఱొక ఇరువది నలుగురు. ఒక బొమ్మ ఒక మనిషి. వారు లోనికి పోయిరనుట చరిత్ర. వాకిలి ముందటి ఈ పెనుగులాట మన కల్పన. ఆట కాగితముమీద ఆ మాటను వ్రాసియే పెట్టవలెను. ఇంత చిన్న ఆటకు భోజనపు బల్ల చాలును. కొలత డెబ్బదిరెండవ వంతు మేలు. మెత్తని ప్లాస్టికు బొమ్మలు, పెట్టెకు నలుబది వఱకు కాల్బలము, ఈ కొలతలో దొరకును; లోహపు 28 బొమ్మలకంటె చవుక. మూడు మీటర్ల ఏనుగు ఈ కొలతలో నాలుగు సెంటీమీటర్లే గనుక అంగడిలోని పిల్లల బొమ్మలలో వెదకినను సరిపోవునది చిక్కవచ్చును. 6 కొలత చవుకయే గాని, అందు ముఖము కనబడదు. మొదటిసారి ఆడువాడు సిపాయి ముఖము చూడగోరును. కంటి చూపు తగ్గిన పెద్దలకు 28 బొమ్మయే మంచిది. రంగు కుంచె తిన్నగా పడును.

పదహారవ శతాబ్దపు దక్కను సేనలకు పూర్తి పెట్టెలు అరుదు. దీనికై విచారింప నక్కఱ లేదు. జర్మనీలోని న్యూరెంబర్గున పందొమ్మిదవ శతాబ్దమున తగరముతో రేకువలె పలుచని సైనికులను పోతపోసి, రెండు ప్రక్కల రంగులు వేసి, పిల్లలకు పెద్దలకు అమ్మినారు. పలుచని బొమ్మ తక్కువది కాదు. ధర్మవరము సమీపమున నిమ్మలకుంటలో మేకతోలుపై చెక్కి రంగులద్దు తోలుబొమ్మలు అట్టివే గదా! ఆ కళలో పేరొందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. అందు రావణుని బొమ్మ తక్కినవారికంటె పెద్దది. దూరమునుండి చూచువానికి ఎవడు ప్రధానుడో తెలియవలెనని. 28 బొమ్మకు తల పెద్దది చేసినవాని ఉద్దేశ్యము కూడ అదియే. దళసరి అట్టపై 25 మిల్లీమీటర్ల సిపాయిని గీసి, రెండు ప్రక్కల రంగు వేసి, కత్తిరించి, చిన్న రేకుముక్కపై నిలిపినచో సేన ఆదివారము సాయంకాలమునకు సిద్ధమగును. పీఠమునకు జిగురు రాచి చిత్రావతి ఇసుక చల్లిన, నేల మన నేలయే.

రంగులకు లేపాక్షికి పోవలెను. హిందూపురమునకు సమీపమున నున్న ఆ వీరభద్రాలయపు పైకప్పు చిత్రములలో పదహారవ శతాబ్దపు దుస్తులు, పొడవైన కుళ్లాయిలు, అంచుల బట్టలు కన్నులపండువుగా నిలిచియున్నవి. కావి, పసుపు, తెలుపు, నలుపు, ఆకుపచ్చ ఎక్కువ. నీలము బహు తక్కువ. కాని అవి ముట్టడికి అర్ధశతాబ్ది ముందటివి, అందున్నవారు కొలువువారు, యాత్రికులు. నాయకుని బొమ్మకు ఆ కుళ్లాయి పెట్టుడు, కూలి సిపాయికి తలపాగ చాలును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఒక పక్షమునంతను ఒక మతముగా, రెండవదానిని మఱొక మతముగా రంగు వేయుట సులభము, తప్పు. విజయనగర సేనలో ముసల్మాను రౌతులుండిరి. గోలకొండ కొలువులో తెలుగు నాయక్వాడీలుండిరి. పెనుకొండలో గగన్ మహలునకు సమీపముననే మసీదును, ఊరిలో బాబయ్య దర్గాయును కలవు. అందుచేత రెండు అట్టపెట్టెలలోను ఇరువురను కలిపియే నిలుపవలెను. పక్షము తెలియుటకు పీఠపు అంచుకు ఒక రంగు గీత చాలును.

నియమములు ఒక పుటను మించరాదు. నడక ఆరంగుళములు, మూట మోయు యెద్దునకు నాలుగు. వత్తి తుపాకి ఒకసారి కాల్చిన, తరువాతి రెండు వంతులు గట్టించుకొనుటకే పోవును. పండ్రెండు వంతులలో ఎన్ని మూటలు వాకిలి దాటినవో లెక్కించుడు. ఆట ముగిసిన పిమ్మట, ఆ మూటలను బట్టి కోటకు అన్ని వారముల తిండి యని వ్రాసికొనుడు. ప్రతి వారమును సుల్తాను పక్షమువాడు ఉండుటయా, పోవుటయా అని చీటిపై వ్రాసి మూసిపెట్టవలెను. పిదప పాచిక వేయవలెను. మొదటి వారము ఆరు పడిన, రెండవ వారము అయిదో ఆరో పడిన, మూడవ వారము నాలుగుకు తక్కువ గాకుండ పడిన, కృష్ణ పొంగినట్లు. అప్పటికి అతని చీటిలో ‘ఉండుట’ యని యున్నచో, కోట పడినను పడకున్నను అతడు ఓడినట్లే.