తప్పు చెప్పే తీరు
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో సహకార సంఘాల ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



పద్దులు చూడటం నా ఉద్యోగం. అయితే ఈ రోజు, ఒకరి లోపం వారికి ఎలా చెప్పాలి అన్న విషయం మనవి చేయదలచాను. ధర చాలక సంఘం విడిచిపోయినవారిని చూశాను. మాట పడలేక పోయినవారినీ చూశాను.

2003లో నేను తనిఖీకి వెళ్ళిన ఒక గ్రామంలో ఒక సోదరి పోసే గేదె పాలలో నాలుగైదు రోజులుగా వెన్న తగ్గుతూ వచ్చింది. వరుసలో ఉన్న అందరి ఎదుటా నేను, "ఏమ్మా, నీళ్ళు కలిపితే తెలియదనుకున్నారా?" అన్నాను. ఆమె బదులు చెప్పకుండా క్యాను తీసుకొని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పాలు ప్రైవేటు వ్యాపారికి పోసింది.

తరువాత రిజిస్టరు తీరిగ్గా చూస్తే లాక్టోమీటరు రీడింగు తగ్గలేదు. నీళ్ళు కలిస్తే వెన్నా తగ్గుతుంది, ఆ రీడింగూ తగ్గుతుంది. విచారించగా, ఇంట్లో పాలు పితికే మనిషి మారాడని, ఆఖరి ధారలు దూడకు వదిలేస్తున్నాడని తెలిసింది. వెన్న ఎక్కువగా ఉండేది ఆ ఆఖరి పాలలోనే!

ఆమె ఇంటికి వెళ్ళి పొరపాటు ఒప్పుకున్నాను. "అన్నది అందరిలో, ఒప్పుకునేది ఇంట్లోనా అయ్యా?" అన్నది. మర్నాడు ఉదయం పాల కేంద్రం దగ్గర అందరి ముందూ చెప్పాను. అయినా ఆమె తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ముందు పాలు బాగా కలిపి, సభ్యుని ఎదుటే మళ్ళీ పరీక్ష చేయించాలి. తరువాత పక్కకు పిలిచి, "మీ పాలు బాగాలేవు" అనక, "మొన్న 7.0, ఈ రోజు 6.2 వచ్చింది, మేతలో గాని పితకడంలో గాని మార్పు ఉందా?" అని అడగాలి. క్యాను శుభ్రంగా ఉంటే ఆ మాటా చెప్పాలి. లేని గొప్ప మాత్రం చెప్పరాదు. చివరకు, రేపటి నుంచి ఏం చేయాలో చెప్పి పంపాలి. ఈనాడు యంత్రం వెంటనే చీటీ ఇస్తుంది. చీటీలో అంకె ఉంటుంది గాని కారణం ఉండదు.

మెత్తగా చెప్పడమంటే చూసీ చూడనట్లు పోవడం కాదు. కల్తీ రుజువైతే నిబంధనావళి ప్రకారం చర్య తీసుకోవలసిందే. ఆ నష్టం నిజాయితీగా పోసేవారి మీద పడుతుంది.

సభ్యులకూ ఒక మాట. కార్యదర్శి మీద అనుమానం వస్తే టీ కొట్టు దగ్గర చెప్పుకోకండి. "నా పాలు మరోసారి చూపించండి" అని అక్కడే అడగండి. సమాధానం రాకుంటే పాలకవర్గానికి రాసి ఇవ్వండి. సక్రమంగా చేసిన రోజున, "లెక్క సరిగా ఉందండీ" అని ఒక మాట అనండి.

గేదెను కొట్టి పితికితే పాలు చేపదు. మనిషీ అంతే.