దండ కట్టమన్నారు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము కాగానే మమ్ములను రెండు మాటలు చెప్పమన్నారు. పండుగపూట పద్యమో పాటో వినిపించక వీరు పోలీసుల సంగతి యెత్తుకున్నారేమని నవ్వుకోకండి. మన క్యాంపులలో నలుగురు చేరిన ప్రతి అరుగు మీదా నడుస్తున్న మాట అదే గదా. "ఆంధ్రావాళ్లమని మన బళ్లనే ఆపుతున్నారు, మనకే జరిమానాలు రాస్తున్నారు" అని.

1953లో తుంగభద్ర నీరు కాలువలకు వదిలిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి మన పెద్దలు ఒక్కొక్క కుటుంబముగా ఈ ప్రాంతానికి తరలివచ్చారు. అప్పటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రములోది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రములో చేరినది. ఆనాడు మనకున్నవి ఎడ్లబళ్లు. వాటికి నంబరు లేదు, లైసెన్సు లేదు. బండివాడు నిద్రపోయినా ఎద్దు ఇల్లు చేర్చేది. ఆ ధీమా ట్రాక్టరు వచ్చిన తరువాత కూడా మనలను వదలలేదని మా అనుమానం.

భాష తెలియక పడిన తిప్పలు కూడా కొన్ని ఉన్నవి. మా బంధువులలో ఒక పెద్దాయన కొత్తగా వచ్చిన రోజులలో సింధనూరు దారిలో ఆయన బండి ఆపి, పోలీసు "దండ కట్టి" అన్నాడట. కన్నడములో దండ అంటే జరిమానా, కట్టి అంటే కట్టండి. మన పెద్దాయన మాత్రము, "అయ్యా, ఈ యెండలో పూలెక్కడ దొరుకుతాయి? ఇంతకూ దండ ఎవరి మెడలో వెయ్యాలి?" అని అడిగాడు. పోలీసుకు తెలుగు కొంచెము వచ్చును గనుక నవ్వి వదిలేశాడు. అదృష్టవంతుడు! ఇప్పుడు ఆ మాట ఎవరికి చెప్పినా రశీదే చేతిలో పెడతారు.

ఇక మన ఫిర్యాదుల సంగతి. అన్నీ అబద్ధములని మేము అనము. రశీదు ఇవ్వకుండా చెయ్యి చాచినవారిని మనమంతా చూశాము. అటువంటిచోట రశీదు అడగడం మన హక్కు, అడిగి తీరవలెను. అయితే నంబరు పలక విషయంలో చట్టం మన పక్షాన లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రములో రిజిష్టరు అయిన బండి మరొక రాష్ట్రములో పన్నెండు నెలలకు మించి ఉంటే ఆ రాష్ట్రపు నంబరు తీసుకొనవలెను. అందుకు మొదటి ఆఫీసునుండి అభ్యంతరము లేదన్న పత్రము తేవలెను. మనలో కొందరి బళ్లు పదేళ్లుగా ఈ కాలువగట్ల మీదే తిరుగుతూ, పలక మాత్రం ఇంకా విజయవాడ పలకే! "పుట్టినూరి గుర్తు గదా" అంటారు. పుట్టినూరి గుర్తుకు గోడమీద పటము చాలును. రాయచూరు నంబరు కేఏ 36 వేయించుకున్నంత మాత్రాన మన తెలుగు ఎక్కడికీ పోదు.

మన పిల్లలు అమెరికా వెళ్లారు. అక్కడ బడి బస్సు ఎర్రదీపాలు మినుకుమినుకుమని ఆగితే, మధ్య విభజన లేని రోడ్డు మీద ఎదురువచ్చే బండి కూడా ఆగవలెను. ఆ నియమమును ఫోనులో మనకు గొప్పగా చెప్పే అబ్బాయే సంక్రాంతికి వచ్చినప్పుడు బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ హెల్మెట్టు లేకుండా సింధనూరు పోయి వస్తాడు. "ఇక్కడ ఎవరు పాటిస్తున్నారు మామయ్యా?" అంటాడు. అక్కడ పరదేశి గనుక భయము, ఇక్కడ ఎవరికీ భయపడనక్కరలేదని ధైర్యము. కాని ఇక్కడా మనం వచ్చి చేరినవారమే గదా!

ఇంకొక మాట తల్లులతో చెప్పవలెను. 2019లో చట్టం సవరించినప్పుడు 199ఏ అని ఒక సెక్షను చేర్చారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడు బండి నడిపి నేరానికి గురి అయితే, తండ్రి లేదా బండి యజమాని మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అనుభవించవలసి వచ్చును. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. "మావాడు బాగా నడుపుతాడండీ" అన్న మాట కోర్టులో పనికిరాదు.

ఇంతవరకు చెప్పినది చట్టం. ఇక చెప్పబోయేది చెప్పడానికి మాకు నోరు రావడం లేదు.

రెండేళ్ల క్రిందట వరికోతల కాలంలో మా క్యాంపు ట్రాక్టరు ఒకదానికి, ట్రాలీ వెనుక దీపం లేదని పోలీసులు జరిమానా వేశారు. ఆ రాత్రి అరుగు మీద మేమందరమూ కూర్చుని "ఇది కక్ష కాక మరేమిటి?" అని తీర్మానించుకున్నాము. దీపం మాత్రం ఎవ్వరూ వేయించలేదు. నాలుగు రోజులకు ధాన్యం బస్తాలతో పోతున్న అదే ట్రాలీకి బాళగనూరు దారిలో టైరు పగిలినది. వెనుక ఒక రాయి పెట్టి, ఒక తుమ్మకొమ్మ పడవేసి, మనవాళ్లు టైరు తేవడానికి పోయారు. చీకటిలో మోటారు సైకిలు మీద వస్తున్న పొరుగూరి కుర్రవాడు దానిని ఢీకొన్నాడు. ప్రాణం దక్కినది. మోకాలి క్రింద కాలు పోయినది.

మేము డబ్బు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాము. ఆ తల్లి మమ్ములను తిట్టలేదు. మంచినీళ్లిచ్చి, "ఒందు కెంపు దీప ఇద్దిద్రె సాకిత్తు" అన్నది. ఒక్క ఎర్రదీపం ఉండి ఉంటే చాలును అని. మాలో కన్నడము రానివారికి కూడా ఆ మాట తిరిగి చెప్పనక్కరలేకపోయినది. వాళ్లింట్లోనూ మనలాగే ఆ యేడు వేపపువ్వు, బెల్లం కలిపి యుగాది చేసుకున్నారు. ఆ పిల్లవాడు గుమ్మంలో కుర్చీలోనే ఉన్నాడు.

అప్పటినుండి మా క్యాంపులో కొన్ని పనులు మొదలుపెట్టాము. దమ్ముచక్రాలతో తారురోడ్డు ఎక్కడం మానుకున్నాము. రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం పూర్తిగా మానలేదు, ఉన్నమాట చెప్పవలెను గదా. కళ్లానికి చోటు చూస్తున్నాము. నాట్ల కూలీలను ట్రాలీలో ఎక్కించడం గూర్చి ఇంకా తగవులాడుకుంటూనే ఉన్నాము. ట్రాక్టరుకు కట్టిన బీమా సాధారణంగా ట్రాలీలో కూర్చున్న మనుషులకు రాదని చెప్పినా, "ఆటో ఖర్చు ఎవరిస్తారు?" అన్న ప్రశ్న వస్తున్నది. ఆ ఖర్చు రైతులమందరమూ ఎకరాల లెక్కన పంచుకుందామని మా సూచన. భోజనముల తరువాత కార్యవర్గమువారు దీనిని చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము.

వేదిక ప్రక్కన బల్ల మీద చీకట్లో మెరిసే ఎర్రపట్టీల చుట్టలు ఉంచినాము. ట్రాలీ ఉన్న ప్రతివారు ఇంటికి పోయేలోగా ఒకటి తీసుకొని, అక్కడి పుస్తకంలో బండి నంబరు రాసి వెళ్లండి. విజయవాడ నంబరయినా ఈ ఒక్కసారికి ఏమీ అనము.