నాలుగో రోజు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



కరెంటు ఇంజనీరును కదా, కరెంటు గురించే మాట్లాడతానని అనుకుంటున్నారేమో. పిల్లలు నేరాల వైపు పోకుండా చూడటం గురించి నాలుగు మాటలు చెబుతాను. రెండు సంగతులున్నాయి. ఒకటి ఈ బడిలో నాకు జరిగింది. రెండోది ఉద్యోగంలో నేను చేయాల్సింది చేయకపోవడం వల్ల జరిగింది.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా నాన్న మంచాన పడ్డాడు. ఇంట్లో పైసా లేదు. సినిమా హాలు దగ్గర బ్లాకులో టికెట్లు అమ్మే జట్టులో చేరాను. సాయంత్రానికి చేతిలో డబ్బులు ఆడేవి. అలా మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు సాయంత్రం మన లెక్కల సారు సైకిల్ వేసుకుని మా ఇంటికి వచ్చారు. నులక మంచం మీద కూర్చుని అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగారు. నన్ను ఒక్క మాట అనలేదు. నాన్నను చూశారు. మరుసటి రోజు సర్కారు దవాఖానలో చెప్పి డాక్టరుకు చూపించారు. సాంఘిక సంక్షేమ హాస్టల్ వార్డెన్‌ను కలిసి నాకు సీటు అడిగారు. సినిమా హాలు దగ్గర డ్యూటీ చేసే కానిస్టేబుల్‌తో, "వీడు మళ్లీ ఇక్కడ కనబడితే నాకు కబురు పెట్టు" అని చెప్పారు. చదువు, వైద్యం, సంక్షేమం, పోలీసు... ఆ వారం నాలుగు శాఖలూ ఒక్క సైకిల్ మీద తిరిగాయి. అందుకే ఈ రోజు నేను ఈ మైకు ముందు ఉన్నాను.

ఇక రెండోది. పిల్లవాడిని ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి ఊరూ ఏడాదీ చెప్పను, కొన్ని వివరాలు మార్చి చెబుతాను.

బోర్ల కింద సాగు ఎక్కువగా ఉన్న చోట పనిచేస్తున్నాను. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు కింద పడేసి, ఆయిల్ పారబోసి, రాగి తీగ ఎత్తుకుపోయే దొంగతనాలు మీకు తెలిసినవే. ఒకటి పోతే దాని కింది మోటార్లన్నీ ఆగిపోతాయి. కొత్తది వచ్చేలోపు పొలం ఎండుతుంది. ఒకరోజు మా లైన్‌మన్ వచ్చి, "సార్, బడి బంద్ చేసిన పిల్లగాడొకడు స్క్రాప్ సేటు ఆటోల తిరుగుతున్నడు. స్తంభాలెక్కుడు నేర్పిస్తున్నట్టున్నరు" అన్నాడు. "మనకెందుకు, నువ్వు మెటీరియల్ జాగ్రత్తగా చూసుకో" అన్నాను.

మూడు నెలలకు ఆ పిల్లవాడు దొరికాడు. పదిహేనేళ్లు. అరచేతుల నిండా గీరుకుపోయిన గాయాలు. ఎప్పుడు 11 కేవీ లైన్ తగిలి చచ్చిపోయేవాడో కూడా వాడికి తెలియదు. ఫిర్యాదు కాగితం మీద సంతకం నాదే.

తర్వాత ఒక్కొక్కరితో మాట్లాడితే సంగతి తెలిసింది. దసరా సెలవుల తర్వాత వాడు రావడం లేదని బడికి తెలుసు. తల్లి జబ్బుతో ఉందని, ఇంట్లో పొయ్యి వెలగడం లేదని ఆశా కార్యకర్తకు తెలుసు. స్క్రాప్ సేటు ఎలాంటివాడో పోలీసులకు తెలుసు. వాడు ఎవరి ఆటోలో తిరుగుతున్నాడో నాకు తెలుసు. నాలుగు చోట్ల నాలుగు ముక్కలున్నాయి. వాటిని కలిపి చూసినవారు లేరు.

మా సారు రోజుల్లో లేని ఏర్పాట్లు ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, కేసులో చిక్కిన పిల్లలను లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఆ బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు, వారిలో ఒకరైనా మహిళ ఉండాలి. కేసు దాకా పోకముందే, ఆసరా లేని పిల్లల కోసం బాలల సంక్షేమ కమిటీ ఉంది. స్టేషన్‌లో ఈ పని చూసే పోలీసు అధికారి, జిల్లాలో బాలల పరిరక్షణ విభాగం, ఊళ్లో సర్పంచ్ అధ్యక్షతన కమిటీ ఉండాలి. పిల్లలతో నేరాలు చేయించే పెద్దలకు ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, 5 లక్షల జరిమానా పడవచ్చు. వీటన్నిటికీ ముందు 1098 నంబరు ఉంది. ఆ రోజు లైన్‌మన్ చెప్పినప్పుడు నా జేబులో ఫోన్ ఉంది. నేను చేయలేదు.

శాఖలు కలిసి పనిచేయడం కొత్త మాటేమీ కాదు. ఇంగ్లండ్‌లో 1998లో చేసిన చట్టం ఇదే పని కోసం పోలీసు, ప్రొబేషన్, సంక్షేమం, వైద్యం, విద్య శాఖల వారిని స్థానికంగా ఒకే బృందంలో కూర్చోబెట్టింది. మన రాష్ట్రంలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పోలీసులు ఇతర శాఖల వారితో కలిసి తిరిగి, పనుల్లో ఉన్న పిల్లలను, రోడ్ల మీదున్న పిల్లలను బయటికి తెస్తున్నారు. మంచి పని. కానీ పిల్లవాడు బడి మానేసేది ఆ రెండు నెలల్లోనే కాదు కదా.

సబ్‌స్టేషన్‌లో మాకో నియమం ఉంది. ఫాల్టుకు ఏ రిలే దగ్గరుందో అదే ముందు పనిచేయాలి. అది ఊరుకుంటే వెనకనున్నది పనిచేస్తుంది. కానీ అప్పటికి పది ఊళ్లు చీకట్లో ఉంటాయి. పిల్లల విషయంలో దగ్గరున్నది బడి హాజరుపట్టీ. అందరికన్నా వెనకున్నది పోలీస్ స్టేషన్. వెనకదాన్ని ఎంత గట్టిది చేసినా, ముందుది ఊరుకుంటే లాభం లేదు.

స్వర్ణోత్సవం గుర్తుగా ముఖద్వారం కడదామని తీర్మానించారు. కట్టండి, నా చందా నేనిస్తాను. దానితో పాటు మూడు పనులు పెట్టుకుందామని నా మనవి. ఒకటి, ఏ పిల్లలైనా వరుసగా మూడు రోజులు రాకపోతే, నాలుగో రోజు క్లాస్ టీచరుతో పాటు మనలో ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. బస్సు పాసుకో మందులకో డబ్బు కావాలంటే సంఘం ఇవ్వాలి. రెండు, నెలకోసారి హెడ్మాస్టరు గారి గదిలో టీచర్లు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, స్టేషన్ నుంచి ఆ అధికారి ఒక గంట కూర్చోవాలి. టీ ఖర్చు మనది. అక్కడ వినబడిన పేర్లు ఆ గది దాటకూడదు. మూడు, మనం ఏ ఉద్యోగంలో ఉన్నా, "మనకెందుకు" అనే మాట పిల్లల విషయంలో నోట రానివ్వకూడదు.

ఆ పిల్లవాడు ఏమయ్యాడని అడుగుతారు. బోర్డు వాడిని తల్లి దగ్గరికే పంపింది. నేను రెండుసార్లు వెళ్లి చూశాను. మొదటిసారి నాతో మాట్లాడలేదు. రెండోసారి మంచినీళ్లు ఇచ్చాడు. అంతకుమించి చెప్పడం వాడికి న్యాయం కాదు.

మా సారు నాలుగో రోజు వచ్చారు. నేను మూడు నెలల తర్వాత వెళ్లాను. తేడా అంతే.