మగవాడి వంతు



ఎవరి పేరిట ఈ సభ జరుపుకుంటున్నామో ఆ డాక్టరుగారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌ కోసం వచ్చిన ఆడమనిషిని ముందుగా అడిగే మాట: “మీ ఆయనేడమ్మా?” చాలాసార్లు ఆ మనిషి గేటు బయట టీకొట్టు దగ్గర ఉండేవాడు. పిలిపించి కూర్చోబెట్టేవారు. అతను నోరు విప్పేలోపే అత్తగారు అందుకునేది: “బరువులు మోసేవాడు బాబూ, వాడికొద్దు. పిల్లకే చేసెయ్యండి.” కోడలు సరేనని తలూపేది.

స్త్రీవాదం మీద మగవాళ్ల అభిప్రాయాలు సభల్లో చాలా విన్నాను. ఆపరేషన్‌ గది ముందు తేలే అభిప్రాయాన్నే నేను నమ్ముతాను. గర్భం రాకుండా చూసుకోవడం ఆడవాళ్ల పని, మగవాడికి ఆ బెంగ అక్కర్లేదు అన్నవాళ్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మగవాళ్లలో నూటికి 35 మంది. చేతల్లో ఇంకా ఘోరం. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి 15-49 ఏళ్ల మధ్యనున్న స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్‌ అయిపోయింది. భర్త చేయించుకున్న ఇళ్లు ఒక్క శాతం కూడా లేవు.

నిజానికి మగవాళ్లకు చేసే వేసెక్టమీయే తేలిక. ఆ చోటికి మాత్రమే మత్తిస్తారు, కత్తికోత లేని పద్ధతిలో కుట్లు కూడా ఉండవు, అదే రోజు ఇంటికి పోవచ్చు. ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీకి పొట్టలోపలికి వెళ్లాలి. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నం శిబిరంలో 34 మంది ఆడవాళ్లకు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు.

మగతనం పోతుందన్న భయం ఒట్టిది. మగ హార్మోను రక్తంలో కలుస్తుంది, కత్తిరించే వీర్యనాళంతో దానికి పనిలేదు. కాకపోతే 1976-77లో ఎమర్జెన్సీ పేరుతో మగవాళ్లను పట్టుకుపోయి చేసిన ఆపరేషన్లు ఆ భయాన్ని ఊళ్లలో పాతుకుపోయేలా చేశాయి. దాన్ని నేను తీసిపారెయ్యను. చేయించుకున్నవాణ్ని “పెళ్లాం చాటు మనిషి” అని రచ్చబండ దగ్గర ఆడిపోసుకునేది మాత్రం తోటి మగవాళ్లే.

ఆడవాళ్లు ఎందుకు ఒప్పుకుంటున్నారన్నది అసలు ప్రశ్న. దానికో కారణం ఉంది. వేసెక్టమీ అయ్యాక కూడా నాళంలో వీర్యకణాలు కొన్నాళ్లు మిగులుతాయి. మూడు నెలలు జాగ్రత్తపడి, పరీక్షలో కణాలు లేవని తేలాకే ధీమా. ఈ మాట సరిగా చెప్పకపోతే, ఈలోగా ఆమె నెల తప్పితే, ఊరు ఆపరేషన్‌ను అనుమానించదు, ఆమెను అనుమానిస్తుంది. ఇది తెలిసిన ఇల్లాలు ఆ నింద మోయడం కన్నా కత్తి కిందికి వెళ్లడమే నయమనుకుంటుంది. దీన్ని ఆమె ఇష్టమని రాసుకోవడం అన్యాయం.

అందుకే వైద్యులకు నా విన్నపం. వేసెక్టమీ చేసి పంపేసి ఊరుకోకండి. మూడో నెలలో కబురుపెట్టి పరీక్ష చేయించండి. ఫలితం భార్యాభర్తలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి, అత్తగారు కూడా వస్తే ఆమె వినేలా చెప్పండి.