కాలేయపు మచ్చ – మూత్రపిండపు ముప్పు



మా గురువుగారు వార్డులో షుగరు రోగి మంచం దగ్గర ఆగితే రెండు సంగతులు అడిగేవారు. లివరు చేతికి తగులుతోందా? మూత్రంలో ఆల్బుమిన్ పోతోందా? ఈ రెండు ప్రశ్నలకూ సంబంధం ఉందని అప్పటి మా పాఠ్యపుస్తకాల్లో లేదు. ఇప్పుడుంది. ఆయన స్మృతిలో జరిగే ఈ సభలో ఆ సంబంధం ఎలా బయటపడిందో చెప్పడమే నేను అర్పించగల నివాళి.

లండన్‌లోని గైస్ ఆస్పత్రి నుంచి మొదలుపెడతాను. ఒళ్లు నీరుపట్టి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోయే రోగులకు మూత్రపిండాలు దెబ్బతిని ఉంటాయని 1827లో అక్కడి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ ప్రకటించాడు. 1836లో అదే ఆస్పత్రిలో థామస్ అడిసన్, తాగుడు అలవాటున్నవారి కాలేయంలో కొవ్వు చేరడాన్ని వర్ణించాడు. ఇద్దరూ కలిసి పనిచేసినవారు, కలిసి వైద్యగ్రంథం రాసినవారు. అయినా వారు విడివిడిగా చూసిన ఆ రెండు అవయవాలను షుగరు రోగిలో కలిపి చూడటానికి మరో 170 ఏళ్లు పట్టింది.

మూత్రపిండం వైపు పని త్వరగానే సాగింది. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు షుగరు రోగుల మూత్రపిండాల్లో, రక్తాన్ని వడకట్టే చోట, గుండ్రటి మచ్చలు చూపించారు. 1963లో మళ్లీ గైస్ ఆస్పత్రిలోనే హ్యారీ కీన్, క్లూవెరాకిస్ అతి స్వల్పంగా పోయే ఆల్బుమిన్‌ను కూడా కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ కొంచెమే రాబోయే కిడ్నీ జబ్బుకు ముందస్తు సూచన అని 1982లో అదే ఆస్పత్రికి చెందిన వైబెర్తి బృందం తేల్చింది.

కాలేయం వైపు మాత్రం తాగుడు ముద్ర అడ్డుపడింది. తాగనివారి లివరు చెడితే, దాచి తాగుతున్నారనే అనుకునేవారు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యూర్గెన్ లుడ్విగ్ బృందం 20 మంది రోగుల బయాప్సీలను ప్రచురించింది. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, బరువు ఎక్కువగా ఉన్నవారు. చాలామందికి షుగరు లాంటి జబ్బులున్నాయి. మద్యం లేకుండానే కాలేయానికి కొవ్వు పట్టి, వాపు వచ్చి, మచ్చలు పడతాయని అలా రుజువైంది. అంతకుముందు ఎంతమంది గృహిణులు చేయని తప్పుకు డాక్టరు ముందు తలవంచుకున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

రెండు దారులూ ఇటలీలోని వెరోనాలో కలిశాయి. 2008లో జొవాన్ని తార్గెర్ బృందం, మూత్రపిండాలు దాదాపు బాగానే ఉన్న 1760 మంది టైప్ 2 షుగరు రోగులను ఆరున్నరేళ్లు గమనించి ఫలితాలు ప్రచురించింది. 547 మందికి కిడ్నీ జబ్బు వచ్చింది. వయసు, బీపీ, షుగరు అదుపు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఫ్యాటీ లివరు ఉన్నవారికే ముప్పు ఎక్కువగా తేలింది. 2014లో ముస్సో తదితరులు ఇలాంటి అధ్యయనాలను గుదిగుచ్చి చూస్తే, కొవ్వుతో ఆగక మచ్చలు ముదిరినవారికి ముప్పు ఇంకా పెరిగింది. ఫ్యాటీ లివరు రోగి ఆయుర్దాయాన్ని నిర్ణయించేది ఆ మచ్చ, అంటే ఫైబ్రోసిస్ ముదిరిన దశే అని 2015లో ఆంగులో బృందం చెప్పింది.

ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. లివరు మచ్చే కిడ్నీని చెడగొడుతోందని దీనితో పూర్తిగా రుజువైనట్టు కాదు. రెండింటినీ ఒకే షుగరు, ఒకే బరువు, ఒకే బీపీ దెబ్బతీస్తూ ఉండవచ్చు. కానీ ఒంట్లో వాటి మధ్య ఉన్న లంకె చాలా లోతైనది. బీపీని నియంత్రించే రెనిన్‌ను మూత్రపిండం విడుదల చేస్తుంది. ఆ రెనిన్ పనిచేయడానికి కావలసిన ముడిపదార్థం కాలేయంలో తయారవుతుంది. ఆ రెండూ కలిసి పుట్టించే యాంజియోటెన్సిన్ రెండు చోట్లా మచ్చకట్టే కణాలను రేపుతుంది.

కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ సంగతి విద్యార్థులు ప్రత్యేకంగా వినాలి. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో ఫిస్కేతో కలిసి వెల్లడించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అందులోని క్రియాటిన్ తయారీకి తొలిమెట్టు మూత్రపిండంలో, మలిమెట్టు కాలేయంలో పడుతుంది. కండరంలో అది విరిగితే వచ్చేదే క్రియాటినిన్. లివరు బాగా గట్టిపడిన రోగిలో క్రియాటిన్ తయారీ తగ్గుతుంది, కండ కరుగుతుంది. అందుకే కిడ్నీ చెడుతున్నా క్రియాటినిన్ నార్మల్‌గానే కనిపించవచ్చు. ఆ ఒక్క అంకె చూసి రోగిని ఇంటికి పంపించెయ్యకండి.

మచ్చను పసిగట్టడానికి ఖరీదైన పరీక్షతో మొదలుపెట్టనక్కర్లేదు. 2006లో వచ్చిన ఫిబ్-4 లెక్కకు వయసు, రెండు లివరు ఎంజైములు (ఏఎస్‌టీ, ఏఎల్‌టీ), ప్లేట్‌లెట్లు చాలు. 55 ఏళ్ల మనిషికి ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 36, ప్లేట్‌లెట్లు 1,60,000 ఉన్నాయనుకుందాం. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. వయసును ఏఎస్‌టీతో గుణించి, వేలల్లో తీసుకున్న ప్లేట్‌లెట్లతోనూ ఏఎల్‌టీ వర్గమూలంతోనూ భాగిస్తే 2.29 వస్తుంది. 1.3 దాటితే, లివరు ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్‌కు పంపాలి. టైప్ 2 షుగరున్న పెద్దలందరికీ ఈ లెక్క వేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2023 నుంచి చెబుతోంది.

మందులు కూడా రెండు అవయవాలనూ కలిపే వస్తున్నాయి. షుగరు మందు సెమాగ్లూటైడ్ కిడ్నీ జబ్బును నెమ్మదింపజేస్తుందని 2024లో తేలింది. 2025లో అమెరికాలో అదే మందుకు లివరు మచ్చలున్న రోగుల చికిత్సకూ అనుమతి వచ్చింది. ధర అందరికీ అందేది కాదు. బరువు తగ్గడం, బీపీని అదుపులో ఉంచడం మాత్రం ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

తాగుడుతో సంబంధం లేని ఫ్యాటీ లివరును భారత ప్రభుత్వం 2021లోనే జాతీయ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. ఇక ఆచరణ మన వంతు. ఇక్కడున్న డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే: మీ దగ్గరికి వచ్చే ప్రతి షుగరు రోగికీ ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష రాయండి, అదే చీటీ మీద ఫిబ్-4 లెక్క వేయండి. రోగుల బంధువులకూ ఒక మాట. డాక్టరు మరిచిపోతే మీరే అడగండి.