కడుపులో ఉన్నది సంచి ఒక్కటేనా?

(మహిళా సంఘాల కార్యకర్తల ఆరోగ్య శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రంథులు, హార్మోన్లు అనగానే అది డాక్టర్ల వ్యవహారం, మనకెందుకులే అనిపిస్తుంది. బడిలో బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకుని మరిచిపోయిన పాఠమది. ఆ పాఠంతో మనకు పనేమిటో చెప్పడానికి ముందుగా ఒక చెల్లెలి సంగతి చెప్తాను.

ఆమెకు 34 ఏళ్ళు. కూలికి పోతుంది. ఇద్దరు పిల్లలు. ముట్టు ఎక్కువగా అవుతోందని రెండేళ్ళ కిందట ఒక ఆసుపత్రికి వెళ్తే, "పిల్లలు పుట్టేశారుగా, ఇంక ఈ సంచితో పనేముంది? ఉంచుకుంటే కాన్సరవుతుంది" అన్నారట. అప్పు చేసి తీయించుకుంది. అప్పటినుంచీ ఒంట్లో వేడి ఆవిర్లు, రాత్రిళ్ళు చెమటలు, నిద్ర లేదు, పని చేసే ఓపిక లేదు. "తీసింది సంచే కదక్కా, ఒళ్ళంతా ఎందుకిట్లా అయింది?" అని అడిగింది. ఆమె కాగితాలు చూస్తే గర్భసంచితో పాటు అండాశయాలు రెండూ తీసినట్టు రాసి ఉంది. ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు.

ఆమె ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

మన శరీరంలో కబుర్లు రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి నరాలు. వేలు కాలగానే చెయ్యి వెనక్కి లాగేది అదే. రెండోది రక్తం. కొన్ని గ్రంథులు తాము తయారు చేసిన రసాయనాలను ఏ గొట్టమూ లేకుండా నేరుగా రక్తంలోకి వదులుతాయి. అందుకే వీటిని వినాళ గ్రంథులంటారు. ఆ రసాయనాలే హార్మోన్లు. 1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త లండన్‌లో ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. 'కదిలించేది' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు.

మెడలో థైరాయిడ్ ఉంది. ఒంట్లో పనులు ఎంత వేగంగా జరగాలో అది చూస్తుంది. కడుపులో క్లోమం ఉంది. అది ఇచ్చే ఇన్సులిన్ రక్తంలో చక్కెరను అదుపు చేస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లాగా అడ్రినల్ గ్రంథులున్నాయి. పొత్తికడుపులో గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలున్నాయి. వీటిలో చాలావాటికి ఆజ్ఞలు పంపేది మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి. దాని పైన హైపోథాలమస్ అనే మెదడు భాగం ఉంటుంది. పీయూష గ్రంథికి కబురు పంపేది అదే. మన ఒంటి వేడిని సరిచూసేదీ అదే.

అయితే ఇది పైవాళ్ళు చెప్పడం, కిందివాళ్ళు చెయ్యడం లాంటి పెత్తనం కాదు. కింది గ్రంథి ఇచ్చిన హార్మోన్ రక్తంలో తగినంత అయిందంటే పై గ్రంథి తగ్గుతుంది. తక్కువైతే గట్టిగా అడుగుతుంది. నెలసరి నడిచేదీ ఇట్లాగే. పీయూష గ్రంథి కబురుతో అండాశయంలో అండం ఎదుగుతుంది. అక్కడినుంచి ఈస్ట్రోజన్ వచ్చి గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. నెల మధ్యలో అండం విడుదలవుతుంది. తర్వాత ప్రొజెస్టిరాన్ వచ్చి ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే రెండు హార్మోన్లూ తగ్గుతాయి, పొర రాలిపోతుంది. అదే ముట్టు. అంటే రక్తం కనబడేది గర్భసంచి నుంచే అయినా, దాన్ని నడిపేది మెదడూ అండాశయాలూ కలిసి.

ఇది తెలిస్తే రెండు విషయాలు అర్థమవుతాయి. మొదటిది, ముట్టు ఎక్కువైనంత మాత్రాన లోపం సంచిలోనే ఉండాలని లేదు. థైరాయిడ్ మందగించినా రక్తస్రావం ఎక్కువ కావచ్చు. అది రక్తపరీక్షలో తెలుస్తుంది, మాత్రలతో సరిపడుతుంది. నలభై దాటాక కొన్ని నెలలు అండం విడుదల కాదు. అప్పుడు ప్రొజెస్టిరాన్ అందక పొర అస్తవ్యస్తంగా రాలుతుంది. దీనికీ మందులున్నాయి. కాన్సర్, బాగా పెరిగిన గడ్డలు, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నప్పుడు ఆపరేషన్ అవసరం కావచ్చు. కాదనడం లేదు. కానీ అది చివరి మెట్టు కావాలి, మొదటిది కాకూడదు.

రెండోది, అండాశయాలు పిల్లల కోసమే ఉన్నవి కావు. ఎముకల గట్టిదనానికి, గుండె ఆరోగ్యానికి ఈస్ట్రోజన్ కావాలి. మన దేశంలో ముట్లు ఆగిపోయేది సగటున 46, 47 ఏళ్ళకు. అదీ కొన్నేళ్ళ పాటు మెల్లగా జరుగుతుంది. 34 ఏళ్ళకు అండాశయాలు తీసేస్తే ఒక్కరోజులో జరుగుతుంది. పీయూష గ్రంథి అరిచినట్టుగా కబుర్లు పంపుతూనే ఉంటుంది, జవాబిచ్చే గ్రంథి ఉండదు. వేడిని సరిచూసే హైపోథాలమస్ తడబడుతుంది. ఆవిర్లు అందుకే. మన చెల్లెలి ప్రశ్నకు జవాబు ఇదీ. అండాశయాలు ఉంచి సంచి ఒక్కటే తీసినా, కొందరిలో అవి ముందుగానే పనిచెయ్యడం మానేస్తాయి.

ఇది ఒక్క చెల్లెలి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిదికి పైన. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రులలో జరుగుతున్నాయి. మన స్త్రీల గర్భసంచులకే జబ్బులు ఎక్కువా? లేక అడిగేవాళ్ళు తక్కువా?

అడగడం మనకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే హార్మోన్ సూదిని, అది ప్రయోగమని సరిగా చెప్పకుండా స్త్రీలకు ఇవ్వబోతున్నారని తెలిసి స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు నిలదీశారు. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ సూది కూడా పీయూష గ్రంథిని నిద్రపుచ్చే పనిచేస్తుంది. తన మెదడు దాకా పోయే మందు గురించి ఆ స్త్రీకి తెలియాలా వద్దా అన్నదే అప్పటి ప్రశ్న. ఇప్పటి ప్రశ్న కూడా అదే.

చట్టం మన వైపు ఉంది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చి, తల్లి చేత సంతకం పెట్టించుకుని, 44 ఏళ్ళ ఒక స్త్రీకి గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి చికిత్సకు అనుమతి కాదు. ప్రాణాపాయం లేనప్పుడు, మేజరైన స్త్రీ తరఫున తల్లి సంతకం కూడా చెల్లదు. 2023 ఏప్రిల్‌లో, అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను అదే కోర్టు ఆదేశించింది.

కాబట్టి మీ ఊళ్ళో ఎవరికైనా సంచి తీయాలన్నారంటే ఒంటరిగా పంపకండి, తోడు వెళ్ళండి. ఈ ప్రశ్నలు అడగండి. జబ్బు పేరేమిటి? స్కానింగు, థైరాయిడ్ పరీక్ష, రక్తం శాతం చూశారా? మందులతో ఎన్నాళ్ళు ప్రయత్నించారు? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీస్తే ఎందుకు, ఆ తర్వాత ఎముకలకూ ఆవిర్లకూ ఏం చేస్తారు? సంతకం పెట్టే కాగితం తెలుగులో చదివి వినిపిస్తారా?

ఆ చెల్లెలికి పోయిన అండాశయాలను మనం తెచ్చివ్వలేం. ఇప్పుడు ఆమె డాక్టర్ సలహాతో మందులు వాడుతోంది. ఆమె ఊళ్ళో మరో ఇద్దరికి ఇదే ఆపరేషన్ చెప్పారట. ఈసారి వాళ్ళతో కూడా ఆమే వెళ్ళింది. "సంచి ఒక్కటేనా, ఇంకేమైనా తీస్తారా?" అని అడిగింది కూడా ఆమే.