గోడను బట్టి డ్రిల్లు

ఎర్రగడ్డ ఆదివారపు సంతలో, పాత పనిముట్ల నడుమ, బ్యాటరీ డ్రిల్లు దొరకవచ్చును. పసివాని ఉయ్యాలకై స్లాబులో కొక్కెము బిగింపదలచిన మనము, వెల అడుగుటకు ముందు దాని దెబ్బ ఎట్టిదో విచారింతము. సామాన్యపు హామర్ డ్రిల్లులో పళ్ళ బిళ్ళలు రెండు ఒరసికొని అదరును. బలమంతయు మన భుజమే ఈయవలెను. ఇటుకకు అది చాలును. కాంక్రీటుకు, మన గ్రానైటు రాతికి రోటరీ హామరే శరణ్యము. అందు ముషలకము గాలిని నొక్కి కొట్టును. ఎస్‌డిఎస్ ప్లస్ మొనకాడ 10 మిల్లీమీటర్లు. ఆ పట్టు లేనిది కొనవద్దు. 18 వోల్టులు, సుమారు 2 జౌళ్ళ దెబ్బ ఇంటికి సరిపోవును. పాతదానిలో మోసపోవుట బ్యాటరీయొద్దనే: కాంక్రీటులో రెండు రంధ్రములు వేయించి చూడక పైకము తీయరాదు. ధూళిలో సిలికా ఉన్నది, ముఖమునకు మాస్కు తప్పదు. ఫ్యానుకు పోవు తీగల గొట్టము స్లాబులోనే దాగియుండును. దాని దారి తెలియక మొన ఆనింపరాదు.